వెనక సీటు గాలి

ముత్తంగి దగ్గర సర్వీసు రోడ్డెక్కి బండి ఎనభై అందుకోగానే మొగిలి తల ఊగడం మొదలయ్యేది. గాలి ఎదురుగా వచ్చి నెడితే మనిషి ఓర్చుకోగలడు, ఛాతీ బిగించి కూర్చుంటే సరిపోతుంది. ఇది అలా కాదు. ఎవరో హెల్మెట్‌ను రెండు చేతులా పట్టుకుని జల్లెడ పట్టినట్టు ఉండేది. కళ్ల ముందు వీధి దీపాలు రెండేసి కనబడేవి. చెవుల్లో మొదట గుడగుడ, ఆ తర్వాత పటపట, నానక్‌రామ్‌గూడ వచ్చేసరికి సన్నని ఈల. బండి దిగినా ఆ ఈల మాత్రం దిగేది కాదు.

సరిగ్గా తల అలా అల్లాడుతున్నప్పుడే ముందు సీటు నుంచి స్టీఫెన్ కేక వేసేవాడు.

"ఎలా ఉందండి మొగిలి గారూ?"

"మంచిగుంది సార్!" అని వెనక నుంచి మొగిలి అంతకంటే పెద్ద కేక వేసేవాడు. పదిహేడు రోజులుగా ఇదే ప్రశ్న, ఇదే జవాబు.

స్టీఫెన్‌ది తెనాలి. ఆస్ట్రేలియా బ్యాంకు ఒకదాని యాప్‌లో తప్పులు వెతికి పట్టుకోవడం అతని ఉద్యోగం. మెల్‌బోర్న్‌లో ఆఫీసులు తెరిచే వేళకు ఇక్కడ కోడి కూడా లేవదు కనుక అతని డ్యూటీ ఆరింటికే. మొగిలి అదే క్యాంపస్‌లో రెండో గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు, అతనిదీ ఆరింటి డ్యూటీయే. ఏడాది క్రితం ఒక తెల్లవారుజామున ముత్తంగి జంక్షన్‌లో యూనిఫారంతో నిలబడి, వచ్చిన ప్రతి లారీకీ చెయ్యి ఊపుతున్న మొగిలిని చూసి స్టీఫెన్ బండి ఆపాడు. అది మొదలు రోజూ ఎక్కించుకుని వస్తున్నాడు. పెట్రోలు మాట ఎత్తితే కోప్పడతాడు. పైగా 'గారు' అంటాడు. గార్డును 'గారు' అనే మనిషి ఆ క్యాంపస్ మొత్తంలో ఇంకొకడు లేడు. మొదట్లో ఆ పిలుపు వినబడితే మొగిలి వెనక్కి తిరిగి చూసేవాడు, ఇంకెవరినో పిలుస్తున్నాడేమోనని.

ఇంత మంచి మనిషికి ఒక బాధ ఉండేది. బండి ముందు గాలికి అడ్డంగా ఎత్తయిన అద్దం. స్టీఫెన్ పొడగరి. అద్దం అంచు దాటిన గాలి సుళ్లు తిరిగి సరిగ్గా అతని తలకే తగిలేది. ఆఫీసుకు చేరేసరికి మెడ పట్టేసి, తల దిమ్మెక్కి, మొహం వాడిపోయి ఉండేది. అప్పట్లో ఆ గాలి దెబ్బ మొగిలికి తెలియదు. ముందున్న వీపే అతనికి గోడ.

అప్పుడు స్టీఫెన్ డిఫ్లెక్టర్ తెప్పించాడు. పేరు గొప్పదే గానీ వస్తువు చిన్నది. అరచేయి వెడల్పున్న ప్లాస్టిక్ పలక. అద్దం పై అంచున రెండు బిగింపులతో పట్టుకుని నిలబడుతుంది, దాన్ని వంచినదాన్ని బట్టి గాలి దారి మళ్లుతుంది. ఇక స్టీఫెన్ తన విద్యంతా దాని మీద చూపించాడు. గాలి ఎటు పోతున్నదో కనబడాలని అద్దం నిండా ఎర్ర ఉన్ని దారాలు అతికించాడు. ఒకరోజు పలకను ఒక గీత పైకి, మర్నాడు ఒక గీత కిందికి. ఒకేసారి రెండు మార్పులు చెయ్యడు, వాళ్ల వృత్తిలో అది పాపమట. నాలుగో రోజున కొల్లూరు దగ్గర చేతులు రెండూ ఎత్తబోయి, బండి మీద ఉన్నానని గుర్తొచ్చి ఒక్క చెయ్యే ఎత్తాడు.

"దేవునికి స్తోత్రం! నిశ్శబ్దమండీ మొగిలి గారూ, నిశ్శబ్దం!"

అతని తల మీది గాలి స్వర్గానికేమీ పోలేదు. జానెడు పైకి, రెండు జానలు వెనక్కి జరిగి మొగిలి హెల్మెట్ మీద దిగింది. వెనక సీటు ముందుదాని కంటే ఎత్తు మరి.

స్టీఫెన్ అడగలేదని అనడానికి వీల్లేదు. రోజూ అడిగాడు. అడిగి, విన్న జవాబును ఫోన్‌లో రాసుకుని ఎదురుగా టిక్కు పెట్టాడు. తప్పులు పట్టి బతికేవాడు, పద్నాలుగేళ్లు గార్డుగా చేసినవాడిని 'ఎలా ఉంది' అని అడిగి, వచ్చిన జవాబు నిజమని నమ్మాడు. క్యాంటీన్ చాయ్ ఎలా ఉందంటే మంచిగుంది సార్. కొత్త బూట్లు ఎలా ఉన్నాయంటే మంచిగున్నయి సార్. ఆ బూట్లు ఒక సైజు చిన్నవి, మొగిలి కాలి వేళ్లకు ఇప్పటికీ ఆ సంగతి తెలుసు. గార్డు నోట్లో ఆ మాట తాళంచెవిలాంటిది. అది తిప్పితేనే ఎదుటి మనిషి కదిలి ముందుకు పోతాడు.

మొగిలి ఒక్కసారి ప్రయత్నం చేయకపోలేదు. "జర నిమ్మలంగ పోదమా సార్?" అన్నాడు.

"భయమేస్తోందాండీ? ఈ బండికి ఎనభై అంటే నడకే" అని స్టీఫెన్ నవ్వాడు. మొగిలి సీటు వెనక కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు.

అసలు చిక్కు గేటు దగ్గర. ఆరింటి నుంచి పదింటి దాకా చెవుల్లో ఈల మోగుతూనే ఉంటుంది. ఆ తర్వాత ఈల తగ్గినా చెవుల్లో దిమ్ము రాత్రి దాకా పోదు. భుజానికున్న వాకీటాకీలో కంట్రోల్ రూమ్ వాళ్లు గేటు నంబరు పెట్టి పిలుస్తారు, పిలవగానే పలకాలి. మొగిలికి అది పక్కింట్లో ఎవరో చాటలో బియ్యం చెరుగుతున్నట్టు వినబడేది. సోమవారం నాడు మెల్‌బోర్న్ నుంచి వచ్చిన దొరల కారును సరాసరి లోపలికి పంపమని కంట్రోల్ రూమ్ అయిదుసార్లు పిలిచిందట. మొగిలి ఆ దొరలను కారు దింపి, వరుసలో నిలబెట్టి, రిజిస్టర్‌లో పేర్లు రాయించి, వేలిముద్ర వేయమని అడిగాడు.

సూపర్‌వైజర్ ఓదెలు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఓదెలుది మొగిలి ఊరి పక్క ఊరే. అందువల్ల తిట్టడంలో మొహమాటం లేదు.

"గేటు మీద నిద్రవోతున్నవా మొగిలీ? ఇది మూడోసారి. సెట్టు మంచిగనే ఉన్నది, నేనే చెక్ చేసిన. మరి నీకేమైంది?"

"ఏం గాలే. జర ధ్యాస తప్పింది."

"శుక్రారం ఏడింటికి ఫైర్ డ్రిల్లున్నది. గేట్లను పేరు వెట్టి పిలుస్తరు. ఒక్క పిలుపుకే పలకాలె. పలకకపోతివా, జీడిమెట్ల ఫ్యాక్టరీకి పంపిస్త, రాత్రి డ్యూటీ. నాకు పైనుంచి ఒత్తిడున్నది."

జీడిమెట్ల మొగిలికి తెలియనిది కాదు. అక్కడి రసాయనాల వాసనకు మునుపు ఒక ఏడాది దగ్గి దగ్గి రక్తం చూసినవాడు. చెవుల సంగతి ఓదెలుకు చెబుదామంటే, వినబడని గార్డును ఏ ఏజెన్సీ ఉంచుకుంటుంది? గాలి సంగతి స్టీఫెన్‌కు చెబుదామంటే, ఇంత సాయం చేసినవాడి మొహాన నీ బండి బాగాలేదని ఎలా అంటాడు? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మంగళవారమంతా మొగిలి గేటు దగ్గర నిలబడలేక, కూర్చోలేక తిరుగుతూనే ఉన్నాడు. ప్రతి రెండు నిమిషాలకూ సెట్టు తీసి చెవికి ఆనించుకున్నాడు. ఎవరూ పిలవకపోయినా రెండుసార్లు "గేట్ టూ, చెప్పుండ్రి" అన్నాడు. కంట్రోల్ రూమ్‌లోని అమ్మాయి నవ్వింది.

ఇంట్లో భార్య సాయమ్మ కంచం ముందు పెట్టి నిలబడింది.

"ఏందయ్యా, మూడుసార్లు పిలిస్తి. కూర ఎయ్యాల్నా అని."

"నువ్వే గొణుగుతవు."

"నేను గొణుగుతనా? పక్కింటి నీలమ్మ పలికింది, నువ్వు పలకవైతివి!"

చివరికి విషయం చెప్పాడు. సాయమ్మ అతని చెవుల్లో దూది పెట్టి చూసింది. దూది ఈలను సన్నబరుస్తుందేమో గానీ తల ఊగడాన్ని ఆపదు.

"ఆ సారుకే చెప్పరాదు? అడగంది అమ్మయినా పెట్టదు."

"ఊకెనే ఎక్కించుకపోతుండు. దానమిచ్చిన ఆవుకు పండ్లు పట్టి చూసినట్టుంటది."

"ఆవు తన్నుతున్నదని చెప్పుడు, పండ్లు చూసుడు ఒకటేనా?" అంది సాయమ్మ. మొగిలి కంచంలోకి వంగాడు. ఆ మాట వినబడనట్టు ఊరుకున్నాడు. చెవులు ఆ మాత్రం ఉపయోగానికైనా వచ్చాయి.

బుధవారం నాడు మొగిలి స్టీఫెన్ వీపు వెనక వంగి, తల దాచుకుని కూర్చుని చూశాడు. అక్కడ గాలి లేదు, నిజమే. అయితే వంగిన మనిషి బరువుకు బండి పక్కకు లాగింది. "కదలకండి మొగిలి గారూ, పడిపోతాం!" అని స్టీఫెన్ అరిచాడు. మొగిలి మళ్లీ నిటారుగా కూర్చుని గాలికి తల అప్పగించాడు. గురువారం నాడు, "ఇయ్యాల మా బామ్మర్ది తోలుకపోతడు సార్" అని అబద్ధమాడి ఆటో కోసం నిలబడ్డాడు. ఆ వేళకు ఆటో ఎక్కడిది? ఒక కూరగాయల ట్రాలీ వెనక కొత్తిమీర కట్టల మధ్య కూర్చుని గచ్చిబౌలి చేరి, అక్కడి నుంచి నడిచి, అరగంట ఆలస్యంగా గేటుకు వచ్చాడు. ఓదెలు ఎదురొచ్చాడు. చేతి గడియారం చూపించి, రేపు అన్నట్టు ఒక వేలు ఎత్తి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి మొగిలికి సగం నిద్రే. శుక్రవారం తెల్లవారుజామున స్టీఫెన్ హుషారుగా వచ్చాడు.

"ఇవాళతో మన ప్రయోగం పూర్తండీ. ఈ సెట్టింగే ఫైనల్. మా బైకుల గ్రూపులో పెట్టేస్తాను. వెనక కూర్చునే పిలియన్‌కి కూడా ఇబ్బంది లేదని మీ పేరుతో సహా రాస్తున్నాను."

మొగిలి హెల్మెట్ పెట్టుకుని వెనక ఎక్కాడు. నోట్లో ఒక మాటను నాలుగుసార్లు తిప్పుకున్నాడు. సార్, నాకు గాలి కొడుతున్నది. సార్, నాకు చెవులు... బండి అరవై దాటింది. డెబ్భై. తల కదలడం మొదలైంది. చెవిలో గుడగుడ మొదలవుతుండగా జీడిమెట్ల వాసన మొగిలి ముక్కుకు తగిలింది. నిజంగానే తగిలిందనిపించింది. ముందున్న స్టీఫెన్ భుజాన్ని చేత్తో చరిచాడు.

"ఆపుండ్రి సార్! ఆపుండ్రి!"

పాటి ఊరు దాటాక ఒక చాయ్ బండి పక్కన స్టీఫెన్ కంగారుగా ఆపాడు. "ఏమైందండి? ఏమైనా పడిపోయిందా?"

మొగిలి దిగి నిలబడ్డాడు. తయారుచేసుకున్న మాటలన్నీ తీరా సమయానికి పారిపోయాయి. వేరే మాట వచ్చింది.

"బండి నాకియ్యుండ్రి సార్."

"మీరు నడుపుతారా? ఇదా?"

"పాల కేంద్రంల చేసినప్పుడు రాజ్‌దూత్ నడిపిన సార్. అటు రెండు క్యాన్లు, ఇటు రెండు క్యాన్లు గట్టుకొని. లైసెన్సు జేబుల ఉన్నది. మీరు ఎనక కూసోవాలె."

గేటు దగ్గర కార్లను ఆపే గొంతు అది. ఎప్పుడు తన నోట్లోకి వచ్చిందో మొగిలికే తెలియదు. స్టీఫెన్ ఒక క్షణం చూసి, ఎందుకని అడగబోయి, ఆ మొహం చూసి అడగకుండా తాళంచెవి చేతిలో పెట్టాడు. ఆ బండిని అతను సొంత తమ్ముడికి కూడా ఇచ్చి ఎరగడు.

మొదటి రెండు కిలోమీటర్లు మొగిలి భయంభయంగా నడిపాడు. తర్వాత చేతికి పట్టు దొరికింది. అరవై, డెబ్భై, ఎనభై. ఎనభై దగ్గర అతను బండి ఆగిపోయిందేమో అనుకున్నాడు. అంత నిశ్శబ్దం. హెల్మెట్‌లో తన ఊపిరి తనకే వినబడుతోంది. చెట్లలో పిట్టల చప్పుడు వినబడుతోంది. ఎక్కడో వెనక పాల వ్యాను హారన్ కొడితే అది కూడా మర్యాదగా వినబడింది.

ఇలాగా ఈ మనిషి పదిహేడు రోజులుగా పోతున్నది!

మొగిలికి కడుపు మండింది. అంతవరకు గాలి అంటే గాలే, ఇద్దరికీ కొద్దో గొప్పో తగులుతున్నదే అనుకున్నాడు. నా తల రోకటి కింద పెట్టి, తాను మాత్రం ఇంత చల్లగా, గుళ్లో కూర్చున్నట్టు పోతున్నాడా? ఏడాది పొడుగునా పోగుచేసుకున్న కృతజ్ఞత ఆ నిమిషంలో ఎటు పోయిందో కనబడలేదు. వెనక నుంచి భుజం మీద ఒక చెయ్యి తట్టింది. మళ్లీ తట్టింది. "మొగిలి గారూ! మొగిలి గారూ!" అన్న కేక అతనికి స్పష్టంగా వినబడింది. వేగం తగ్గించలేదు. ఇంకో అయిదు పెంచాడు.

"ఎట్లున్నది సార్?" అని అరిచాడు.

జవాబు రాలేదు. అలాగే నానక్‌రామ్‌గూడ దాకా తోలాడు. అది తప్పే. తప్పని తెలిసే తోలాడు.

గేటు దగ్గర స్టీఫెన్ దిగి గోడ పట్టుకున్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి. హెల్మెట్ తీసి తల రెండుసార్లు విదిలించాడు. ఏదో అనబోయి, గడియారం చూసుకుని, తాళంచెవి తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. మొగిలికి కోపమంతా దిగిపోయి ఆ స్థానంలో భయం కూర్చుంది. అయిపోయింది, రేపటి నుంచి కొత్తిమీర కట్టల మధ్యే ప్రయాణం అనుకున్నాడు. తన గేటు ముందు తానే దొంగలా తచ్చాడాడు.

ఏడింటికి సైరన్ మోగింది. కంట్రోల్ రూమ్ పిలుపులు మొదలయ్యాయి. "గేట్ వన్" అన్నారు, అవతల ఎవరో పలికారు. "గేట్..." అని రెండో మాట పూర్తికాకముందే మొగిలి పలికాడు.

"గేట్ టూ, రెండు తలుపులు తెరిచిన, దారి ఖాళీ ఉన్నది!"

ఆరింటి షిఫ్టు వాళ్లు రెండు వందల మంది మెట్లు దిగి గేటు ముందు ఖాళీ స్థలంలో వరుసలు కట్టారు. ఓదెలు పది అడుగుల దూరంలో నిలబడి మొగిలి వైపు చూసి తల ఊపాడు. అంటే బతికిపోయావని. సైరన్ ఆగింది. మొగిలి ఊపిరి వదిలేలోగా వరుసలోంచి స్టీఫెన్ బయటికి వచ్చాడు.

"చెప్పాలి కదండీ!" అన్నాడు. ఆ గొంతుకు ముందు వరుసలో వాళ్లందరూ తిరిగి చూశారు. తాను అరుస్తున్నట్టు స్టీఫెన్‌కు తెలియడం లేదు. "ఎన్నాళ్లుగా ఇలా ఉంది?"

"మీరు ఆ పలక వెట్టిన కాన్నుంచి సార్" అన్నాడు మొగిలి చిన్నగా, ఓదెలు వైపు ఓరగా చూస్తూ.

"ఆఁ? ఏంటండి?"

"పదిహేడు రోజులాయె సార్."

"వినబడట్లేదండి, ఈ సైరనొకటి!"

సైరన్ అప్పటికే ఆగిపోయింది. మొగిలి అతని మొహంలోకి చూశాడు. కనుబొమలు ముడిపడి, మెడ ముందుకు చాచి, ఎదుటివాడి పెదాల వంక చూస్తున్న మొహం. రోజూ ఇంట్లో సాయమ్మ ముందు తాను పెట్టే మొహం అదే అయి ఉంటుంది. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎన్నటికీ చెప్పలేడు. చెబితే ఓదెలు వింటాడు. మొగిలి కళ్లు గట్టిగా మూసుకుని గొంతెత్తాడు.

"నాకు చెవులు వినవడ్తలేవు సార్! పదిహేడు రోజులసంది! మీ గాలంత నా తల్కాయకే కొడుతున్నది!"

రెండు వందల మంది విన్నారు. స్టీఫెన్ విన్నాడు. ఓదెలు కూడా విన్నాడు.

ఓదెలు మెల్లగా నడిచి వచ్చాడు. మొగిలిని గోడ వైపు తిప్పి నిలబెట్టాడు. తాను ఇరవై అడుగులు వెనక్కి పోయి, మామూలు కంటే చిన్న గొంతుతో అడిగాడు.

"ఇయ్యాల సాయమ్మ ఏం కూర ఏసింది?"

"బీరకాయ" అన్నాడు మొగిలి గోడతో. వరుసల్లో ఎవరో నవ్వారు.

"మరి మంచిగనే వినవడుతున్నది గద?"

"ఇయ్యాల నేను ముందట కూసున్న. దినాం ఎనక కూసుంటున్న."

ఓదెలు స్టీఫెన్‌ను చూశాడు. అతను చెవికి ఆనించుకున్న అరచేతిని చూశాడు. కథ అంతా అతనికి అక్కర్లేదు, తెలిసినంత చాలు.

"సార్, నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి. గేటు మీద నాకు వినేటోడు గావాలె. సోమారం సంది ఒక్క పిలుపు తప్పినా ఈయన జీడిమెట్లల ఉంటడు. ఎట్ల తోలుకొస్తరో మీరిద్దరు చూసుకోండ్రి."

జనం లోపలికి పోయారు. స్టీఫెన్ పోలేదు, బేస్‌మెంట్‌లోకి దిగాడు. అరగంట తర్వాత డిఫ్లెక్టర్‌తో పాటు ఆ అద్దాన్ని కూడా ఊడదీసి చంకలో పెట్టుకుని వచ్చాడు. ఉన్ని దారాలు ఇంకా దానికి వేలాడుతున్నాయి. గార్డు గదిలో ఒక మూలకు ఆనించాడు.

"పలక ఎటు తిప్పినా ఎవరో ఒకరి తలకు తగలాల్సిందేనండి. అసలు అద్దమే లేకపోతే గాలి సూటిగా వస్తుంది. ఛాతీ మీద నెడుతుంది గానీ తలను ఊపదు. ఇద్దరికీ ఒకటే."

"చలికాలం వణుకుతం గద సార్."

"వణుకుదాం లెండి, ఇద్దరం."

అంతటితో వెళ్లిపోతాడనుకున్నాడు మొగిలి. స్టీఫెన్ కదల్లేదు. జేబులోంచి ఫోన్ తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. కుడి చెవిని అరచేత్తో నొక్కి వదిలాడు, మళ్లీ నొక్కి వదిలాడు. చిన్నపిల్లవాడిలా బెదురుగా అడిగాడు.

"ఈ ఈల ఎంతసేపటికి పోతుందండి?"

మొగిలి దగ్గరికి జరిగి గట్టిగా చెప్పాడు. "పదింటి దాకుంటది సార్. అటెంక తగ్గుతది."

స్టీఫెన్ గోడ మీది గడియారం వంక చూశాడు. ఎనిమిది కూడా కాలేదు.

"మీకు రోజూనా? రోజూ పదింటి దాకానా?"

"దినాం సార్."

స్టీఫెన్ మొగిలి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుండిపోయాడు. కిటికీ గట్టు మీద మెల్‌బోర్న్ వాళ్ల ఫోన్ మోగడం మొదలుపెట్టింది. అతను దాని పక్కనే కూర్చుని నేల చూస్తున్నాడు, తల తిప్పలేదు.

"సార్," అన్నాడు మొగిలి అతని భుజం మీద చెయ్యి వేసి, "మీ ఫోను మోగుతున్నది."